ఫ్లెక్సీ మీద మాబున్నీ

"పాపం అనే మాట ఒక్కటి చాలు మాబున్నమ్మా. మిగతాది నేను చూసుకుంటాను."

"ఎవురు చేసిండే పాపము సార్?"

"అబ్బా, మళ్లీ మొదటికే వచ్చినావు. నువ్వే. హిందూపురంలో అన్నేండ్లు పట్టునూలు తీసినావు కదా? పురుగుల్ని వేడినీళ్లలో ఉడికించినావు కదా?"

"గూళ్లను ఉడికిచ్చినాను. ఉడికిచ్చకుంటే నూలు యాడనుంచి వస్తాది, మీ తాత తెస్తాడా?"

"తాత జోలికి పోవద్దు. స్టేజీ ఎక్కు, 'నేను పాపం చేసినాను, ఈ తోట నన్ను మార్చింది' అను, దిగు. అంతే. చిన్నపిల్లోళ్లు కూడా చెప్తారు."

"అయితే వాళ్లతోనే చెప్పిచ్చుకోండి."

"చెప్పకుంటే వచ్చే నెల నీ కాంట్రాక్టు మీద సంతకం పెట్టాల్సింది నేనే. గుర్తు పెట్టుకో."

"నా కూతురు కౌసర్ ఇప్పుటికీ ఆ వేడినీళ్ల కాడనే కూర్చోనుండాది సార్. ఇంటికి పోయి, నువ్వు తినే కూడు పాపపు కూడు అని దానికి చెప్పల్లా నేను?"

రేకు గోడకు ఇవతల, టికెట్ల కౌంటర్లో కూర్చుని మా మేనేజరుకూ మాబున్నీకీ జరిగిన ఈ తగువంతా విన్నాను. చెవులు మూసుకునే అలవాటు నాకు లేదు. పైగా ఆ పూట టికెట్టు కొనేవాడు ఒక్కడూ రాలేదు. కాలేజీ మధ్యలో మానేసినవాడికి ఇంతకంటే మంచి కుర్చీ ఎవరిస్తారు?

మా తోట పెనుకొండకు కొంచెం ఇవతల, బెంగళూరు రోడ్డు పక్కన ఉంది. పేరు రంగుల రెక్కలు సీతాకోకల ఉద్యానం. దాన్ని నడిపేది ఒక ట్రస్టు. ట్రస్టు బెంగళూరులో ఉంటుంది, సీతాకోకలు ఇక్కడ ఉంటాయి, నడుమ మేనేజరు చంద్రమోహన్ ఉంటాడు. గేటు మీద 'సంరక్షణ, విద్య, సమాజ సేవ' అని రాయించారు. గేటు పక్కనే ఎద్దంత సిమెంటు సీతాకోక. జనం దాని రెక్కల మధ్య నిలబడి ఫోటో దిగి, టికెట్టు కొనకుండా మళ్లీ రోడ్డెక్కుతారు. అది సంరక్షణో విద్యో నాకు తెలియదు.

మాబున్నీది రొళ్ల దగ్గర ఒక పల్లె. తండ్రి మల్బరీ వేసి పట్టుపురుగులు పెంచేవాడు. పెళ్లయి హిందూపురం వచ్చింది. అత్తగారిది పట్టుగూళ్లు కొని నూలు తీసే ఇల్లు. అంటే పుట్టింట్లో పురుగును సాకింది, మెట్టినింట్లో ఉడికించింది. ఆ రెండు పనులకూ మధ్య ఏదో పెద్ద గోడ ఉందని ఆమెకు ఎప్పుడూ తోచలేదు. మా చంద్రమోహన్‌కే తోచింది, అదీ ఫ్లెక్సీ అచ్చు వేయించాల్సి వచ్చినప్పుడు.

వేడినీళ్లలో నాని నాని ఆమె వేళ్ల చర్మం పొరలు పొరలుగా ఊడిపోయింది. నీళ్ల పని మానకపోతే వేళ్లే పనికిరాకుండా పోతాయని డాక్టరు చెప్పాడు. అప్పుడే మా తోటలో 'పురుగుల పెంపకంలో అనుభవం ఉన్నవారు కావలెను' అని పేపర్లో వేశారు. అనుభవం అంటే డిగ్రీ పట్టా అని చంద్రమోహన్ ఉద్దేశం. పట్టా ఉన్నవాళ్లెవరూ ఆ జీతానికి పెనుకొండ రాలేదు. మాబున్నీ బస్సెక్కి వచ్చింది.

ఆ రోజు మాటలు నాకింకా గుర్తే.

"ఈ పురుగుతో నూలు వస్తాదా సార్?"

"రాదమ్మా."

"తింటారా?"

"ఛీ, లేదు."

"మరి ఏమిటికి సాకేది?"

"చూసేకి."

"చూసేకి దుడ్లిస్తారా జనం?"

"ఇస్తారు."

"పిచ్చోళ్లు. సరే, సాకుతా."

మొదటి సీతాకోక బయటికి వచ్చిన రోజు ఆమె నెత్తి కొట్టుకుంది. చంద్రమోహన్ చప్పట్లు కొడుతున్నాడు, ఈమె "అయ్యో, పొయ్యినాది! గూడు పగిలిపోయినాది!" అని అరుస్తోంది. పట్టు పనిలో పురుగు గూడు తొలుచుకుని బయటికి వస్తే నూలు తెగిపోయినట్టే, గూడు చెత్తలోకే. రెక్క కనబడిందంటే నష్టం వచ్చిందని అర్థం. అంత బతుకు అట్లా బతికిన మనిషికి, ఇక్కడ రెక్క కనబడితే జీతం అంటే ఒక్కసారిగా ఎట్లా ఎక్కుతుంది? చాలా రోజులు, ఒక్కో సీతాకోక బయటికి వచ్చినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది. తరువాత తరువాత, పని ఆపి చూసేది. "బాగుండాదా?" అని అడిగితే "చూసేకి బాగుండాది" అనేది. అంతకుమించి ఒక్క మాట ఎక్కువ అనలేదు. కన్నీళ్లు పెట్టుకున్నదని ట్రస్టువాళ్లు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఆ కన్నీళ్లు బెంగళూరులో కారి ఉంటాయి.

అసలు తగువు పురుగులు పెంచే షెడ్డు తలుపు దగ్గర వచ్చేది. పురుగు పొర విడిచే ముందు మేత మాని, తల ఎత్తి, కదలకుండా పడుకుంటుంది. దాన్ని పట్టు ఇళ్లలో జ్వరం అంటారు. జ్వరంలో ఉన్న పురుగును కదిలిస్తే చస్తుంది. అందుకని పురుగుల ఇంట్లోకి పరాయివాళ్లను రానివ్వరు. వచ్చినా కాళ్లు కడుక్కోవాలి, సెంటు ఉండకూడదు, బీడీ వాసన ఉండకూడదు. మాబున్నీ ఆ కట్టుబాట్లన్నీ మా షెడ్డుకు తెచ్చింది. గడపకు అడ్డంగా సున్నం పోసింది. టికెట్టు కొని వచ్చిన ఆడవాళ్ల తలలో మల్లెపూలు తీయించింది. కొత్త పెళ్లికొడుకు ఒకడు సెంటు పూసుకుని వస్తే, "పోయి తానం చేసి రా నాయనా" అని వెనక్కి పంపింది. జ్వరం రోజుల్లోనైతే ఎవరినీ రానిచ్చేది కాదు. చూడ్డానికి కట్టిన తోటలో చూడనివ్వని మనిషి. జనం నా కౌంటర్ మీద పడి అరిచేవాళ్లు. నేను చేతులు ఎత్తేసేవాణ్ణి. ఒక్కటి మాత్రం నిజం: ఆమె షెడ్డులో సీతాకోకలు ఉండేవి. చంద్రమోహన్ ఆఫీసులో సీతాకోకల ఫోటోలు ఉండేవి.

సమాజ సేవ సంగతి కూడా చెప్పాలి. జీపులో ఆమడగూరు వైపు పోయి కరపత్రాలు పంచాము, పురుగుమందులు తగ్గించండి అని. బసవరాజు అనే రైతు కరపత్రం అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏమప్పా, నీ పురుగు నా నిమ్మచెట్టు మేస్తే సంరక్షణ, నేను మందు కొడితే హింస. ఆకు ఎవురిదప్పా?" అన్నాడు. చంద్రమోహన్ మంచి ప్రశ్న అని మెచ్చుకుని, అతనితో ఫోటో దిగి, జీపెక్కాడు. జవాబు ఇంకా జీపులోనే ఉంది.

ఇంతలో ట్రస్టు ఛైర్మన్ గారి భార్య హేమావతి గారు వార్షికోత్సవానికి వస్తున్నారని కబురొచ్చింది. చంద్రమోహన్ హిందూపురంలో పెద్ద ఫ్లెక్సీ వేయించి గేటు దగ్గర కట్టించాడు. మాబున్నీ ఫోటో. నెత్తి మీద కంప్యూటర్‌తో కూర్చోబెట్టిన నీలం సీతాకోక. కింద: 'నిన్న వేల ప్రాణాలు తీసిన చేతులు... నేడు రెక్కలకు అమ్మ!' మాబున్నీకి చదువు రాదు. నన్ను చదవమంది. చదివాను. చాలాసేపు ఫోటోనే చూసి, "చేతులు కనపడల్యా కదబ్బీ, తలకాయే ఉండాది" అంది. ఆ మర్నాడే, మొదట చెప్పిన తగవు.

ఉత్సవం ముందురోజు సాయంత్రం, అతిథిని దోమలు కుట్టకూడదని, తోటంతా పొగమందు కొట్టించారు. సీతాకోకల తోటలో. మాబున్నీ గోనెసంచులు తడిపి తన షెడ్డు సందులన్నీ కప్పి, తలుపుకు వీపు ఆనించి కూర్చుంది. పొగ మిషన్ వాడు "అవ్వా, జరుగు" అంటే "నీ మిషన్ నా మీద పెట్టుకో" అంది. వాడు పక్కకు పోయాడు. తెల్లారి చూస్తే పచ్చికలో రాలిపోయినవాటిని చంద్రమోహన్ చీపురుతో ఊడ్పిస్తున్నాడు, అతిథి కంట పడకుండా.

హేమావతి గారు వచ్చారు. ముదురాకుపచ్చ ధర్మవరం పట్టుచీర, అరచేతి వెడల్పు జరీ అంచు. మంచి మనిషే, అందరినీ పలకరించారు. ధర్మవరం నేత వీధుల బడి నుంచి బస్సులో పిల్లల్ని తెచ్చి ఎండలో కూర్చోబెట్టారు. ఆమె మైకు తీసుకుని, ప్రతి పురుగుకూ బతికే హక్కు ఉందని, చిన్న ప్రాణాన్ని కూడా నొప్పించరాదని చెప్పారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. తరువాత చంద్రమోహన్ పళ్లెంలో పెట్టి ఆమెకు ఇంకో ధర్మవరం పట్టుచీర బహూకరించాడు. పిల్లలు దానికీ కొట్టారు.

అప్పుడు మాబున్నీని పిలిచారు.

ఎక్కింది. మైకును కల్లు ముంత పట్టినట్టు దూరంగా పట్టుకుంది. చంద్రమోహన్ పక్క నుంచి పెదవులు కదుపుతున్నాడు, పాపం, పాపం అని. ఆ మాట అంటే బిడ్డ ముందు తలెత్తలేదు. అనకుంటే మళ్లీ వేడినీళ్లే.

"నాకు ఉపన్యాసం రాదు. పిల్లోళ్లు ఏమన్నా అడిగితే చెప్తా" అంది.

రేఖ అనే పిల్ల లేచింది. "అవ్వా, ఒక పట్టుచీరకు ఎన్ని పురుగులు కావల్ల?"

మాబున్నీ గాలిలో జవాబు చెప్పే మనిషి కాదు. తిన్నగా హేమావతి గారి దగ్గరికి నడిచి, పైట చెంగు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది, అంగట్లో చూసినట్టు.

"ఈ చీరకా? బరువుండాది. వేలల్లోనే పొయ్యింటాయి బిడ్డా. మంచి నూలు. అతుకు యాడా తగల్లేదు. అట్ల తీసేది ఊరికే రాదు, వేళ్లు పోతాయి." ముఖంలో నిజమైన మెప్పు. "మీ ఇండ్లల్లో మగ్గం ఎవురెవురికుండాది?"

చేతులన్నీ లేచాయి.

"ఊఁ. నా కూతురు నూలు తీసింటాది, మీ నాయన నేసింటాడు, ఈ యమ్మ కట్టుకొనుండాది. పాపమంటే అందరమూ పంచుకోవల్ల. లేదంటే చీర బాగుండాదని చెప్పి గమ్మున ఇంటికి పోవల్ల. ఏమంటావమ్మా?"

హేమావతి గారు పళ్లెంలోని కొత్త చీర మీద తన చేతిసంచి పెట్టారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎవరు మాట్లాడటం ఆపినా చప్పట్లు కొట్టమని వాళ్ల టీచరు ముందే చెప్పి ఉంచింది. ఆ సందులో చంద్రమోహన్ గబగబా వచ్చి, మైకు లాక్కోబోతూ, మాబున్నీ భుజాల మీద సన్మానం శాలువా కప్పాడు. ఆమె దాన్ని కూడా వేళ్లతో నలిపింది. మైకు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

"ఇది పట్టు కాదు సార్. దీనికి పాపం ల్యా."

కాంట్రాక్టు కాగితం మీద సంతకం పడలేదు. బడ్జెట్ లేదన్నాడు చంద్రమోహన్. షెడ్డు ఇప్పుడు కూలి ఏజెన్సీ పంపిన కుర్రాళ్ల చేతిలో ఉంది. తలుపు బార్లా తీసి ఉంటుంది, సెంట్లు పూసుకుని ఎవరైనా పోవచ్చు, లోపల ఉన్నవాటిని ఎవరైనా చూడొచ్చు, ఉంటే. ఫ్లెక్సీ మాత్రం తీయలేదు. బాగుందని బెంగళూరు నుంచి మెచ్చుకున్నారట. మనిషిని గేటు బయటికి పంపి, ఆమె మారిన కథను గేటు మీద ఉంచుకున్నారు. వచ్చినవాళ్లు ఆ ఫోటో పక్కన కూడా నిలబడి సెల్ఫీ దిగుతున్నారు.

మొన్న హిందూపురం పోయాను. కౌసర్ వాళ్ల రేకుల షెడ్డు, ఉడికే గూళ్ల వాసన వీధి చివరి నుంచే తగిలింది. కౌసర్ తల ఎత్తకుండానే, "మా పాపాత్మురాల్ని చూసేకి వచ్చినారమ్మా, లెయ్యి" అని కేకేసింది. పొగలోంచి మాబున్నీ నవ్వింది. వేళ్లకు గుడ్డపీలికలు చుట్టుకుని, వేడినీళ్ల తొట్టి ముందు కూర్చుని ఉంది.

"నీకు నేను ఏమీ చెప్పలేదు కదే?" అంది కూతురితో.

"నువ్వు చెప్పలేదు. ధర్మవరమంతా చెప్పింది" అంది కౌసర్. తల్లి తొట్టిలో నీళ్లు మరీ కాలుతున్నాయేమోనని ముందు తన వేలు పెట్టి చూసింది.

"షెడ్డులో పురుగులు జ్వరం దిగినాయా అబ్బీ?" అని అడిగింది మాబున్నీ.

ఆ షెడ్డు తలుపు ఇప్పుడు బార్లా తీసే ఉంటోందన్నాను. ఆమెకు అర్థమైంది. "అత్తా, నీ గురించి రాస్తాండా. అంతకంటే ముందు ఆ ఫ్లెక్సీని పీకి పారేస్తా, ఈ పొద్దే" అన్నాను.

"పీకద్దు. ఫోటోలో బాగుండాను" అంది. తొట్టిలోంచి ఒక పోగు కొస దొరకబుచ్చుకుని, రాట్నానికి తగిలించి, అప్పుడు నా వైపు తిరిగింది. "కింద రాసింది మాత్రం చెరిపెయ్యి. చెరిపేసి, మాబున్నీ, హిందూపురం, పురుగులు సాకుతాది, నూలూ తీస్తాది అని రాయి. రెండూ రాయల్ల. తావు చాలకుంటే ఫోటో చిన్నది చెయ్యి."