గీసినవారి పేరు ఉండే గడి

బుల్లీ, ఎక్కడున్నావే?

మా అమ్మాయి బుల్లి పోయి ఇవాళ్టికి నలభై రోజులు. మూడు రోజులు జ్వరం అన్నారు, నాలుగో రోజు మనిషే లేదన్నారు. ఆ మధ్యలో ఏం జరిగిందో ఎవరు చెప్పినా నా బుర్రకెక్కలేదు. ఇప్పటికీ ఎక్కడం లేదు. మూడో తరగతితో ఆగిపోయినదాన్ని, తెలిసినంత రాస్తున్నాను.

తను ఇక్కడ బర్మాలో, సేక్కాన్ పేటలో ఒక ఆఫీసులో కంప్యూటర్ మీద ఇళ్ల ప్లానులు గీసేది. ఆదివారాలు కరెంటు ఉన్నంతసేపు ఇంట్లో కూడా గీసేది. నేను పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలిచేదాన్ని. ఒకసారి చూస్తుండగానే తలుపు ఒకటి గీసింది. అదే తలుపు నొక్కిన చోటల్లా పడింది.

"ఇదేటే, అన్ని గదులకీ ఒక్కటే తలుపా?" అన్నాను.

"దీన్ని బ్లాకు అంటారమ్మా. ఒక్కసారి గీసి దాసుకుంటే చాలు, ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోడమే."

"మరి ఏది ఏదో వడ్రంగికి ఎలగ తెలుస్తాది?"

నవ్వింది. నేను ఇన్సేన్‌లో మసాలా పొడుల కొట్టులో పొట్లాలు కడతాను. "మీ కొట్టులో సంచులన్నీ ఒకే అచ్చు కదా. ఏ పొడో రాయడానికి కాళీ ఒగ్గుతారు కదా. నాను కూడా తలుపుకి కాళీలు ఒగ్గినాను. నెంబరు, వెడల్పు, ఏ చెక్క. పెట్టినప్పుడల్లా అదే అడుగుతాది."

"తలుపు అడుగుతాదా?"

"అడుగుతాది. నువ్వేటీ చెప్పకపోతే, నాను ముందే రాసి పెట్టిందే ఏసుకుంటాది."

నాకు అర్థం కాలేదు. తలూపాను. నేను ఊరికే తలూపానని తనకు తెలిసిపోయింది. "నువ్వు వెల్లుల్లి ఒలుచుకో" అంది.

ఏ ఇంటికెళ్లినా ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసేది. చుట్టాలింట్లో స్నానాలగది తలుపు తెరిచి, "ఇది గీసినోడెవడు పిన్నీ? లోపలున్నోళ్లు గోడకి అతుక్కుపోవాల" అంటే ఆ ఇంటాయన మొహం మాడిపోయింది. ఇక్కడి ఆడవాళ్లు చెంపలకు పూసుకునే తనకా చెక్క గంధం కూడా స్కేలు పెట్టి గీసినట్టు నలుపలకలుగా పూసుకునేది.

పెద్దకర్మ అయిన వారానికి, తనతో పనిచేసే పిల్ల వచ్చింది. తన్లిన్ ఊరి నుంచి వస్తుంది, మన తెలుగువాళ్లే. మా అమ్మాయే ఆ పిల్లను ఆఫీసులో పెట్టించింది. ఆఫీసులో ఉండిపోయిన చెప్పులు, అద్దం ఒక ప్లాను కాగితంలో చుట్టి తెచ్చిచ్చింది. ఆ పిల్ల వెళ్లాక కాగితం మడత పెడుతుంటే మూలన గళ్లలో పేరు కనపడింది. బర్మా అక్షరాలు నేను కూడబలుక్కుంటాను గాని, ఆ పేరుకి అక్కర్లేదు. బడిలో తనకు వేయించిన బర్మా పేరు అది. గీసినవారు, మా అమ్మాయి. కింద తేదీ. తను పోయిన తొమ్మిదో రోజు.

నేనేమనుకున్నానో చెబితే నవ్వుతారు. మేమందరం ఏదో పొరపాటు పడ్డామేమో అనుకున్నాను. కాగితం పట్టుకుని బస్సెక్కాను.

ఆఫీసులో ఆ పిల్ల నన్ను చూసి, కాగితం చూసి లేచి నిలబడింది.

"పిన్నీ, అది అక్క గీసింది కాదు. నాను గీసినాను."

"మరి దాని పేరుందేటి?"

ప్రతి కాగితం మూలనా పెట్టే ఆ గళ్ల పెట్టె కూడా ఒక బ్లాకేనట. చేసింది మా అమ్మాయే. గీసినవారు అనే చోట తన పేరు ముందే రాసి పెట్టుకుంది. తేదీ అడిగితే ఈ పిల్ల కొట్టింది. పేరు అడిగితే ఊరికే ఎంటర్ నొక్కేసింది.

"మొదటి రోజు చూసుకోలేదు పిన్నీ. తరవాత చూసినాను. మార్చడానికి చెయ్యి రాలేదు. ఏడు కాగితాలు అలగే ఎల్లిపోనాయి."

ఆఫీసు పెద్దాయన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. "మీరు ఉంచమంటే ఆ పేరు అలాగే ఉంచుతామమ్మా" అన్నారు బర్మా భాషలో.

ఉంచమనే మాట నోటి దాకా వచ్చింది. ఎక్కడో ఇళ్లు లేస్తుంటాయి, కాగితం మూల నా బిడ్డ పేరు ఉంటుంది. అంతకంటే ఏం కావాలి నాకు? కాని నిరుడు వానాకాలం గుర్తొచ్చింది. ఒక మేడలో తలుపు మెట్లకు తగులుతోందని మేస్త్రీ ఫోనులో తిట్టాడు. ఇంకెవరినైనా పంపించవే అంటే, "నా పేరుందమ్మా, నానే ఎల్లాల" అని వానలో పోయి, తప్పు నాదే అని చెప్పి సరిచేయించి వచ్చింది.

రేపు ఈ ఏడు కాగితాల్లో తప్పుంటే ఎవరు వెళతారు? వెళ్లలేని మనిషి పేరు అక్కడ ఎలా ఉంచను?

"తీసీయమ్మా. నీ పేరు రాసుకో" అన్నాను ఆ పిల్లతో.

"అక్క పేరు పోతాది పిన్నీ."

"అది గీసినవాటిలో కూడా పోతాదా?"

"పోదు. ఇది నాను గీసిన ఏడింటికీ, ఇకమీద పెట్టేవాటికే. పాతవాటిలో రాసింది రాసినట్టే ఉంటాది."

నాకు అర్థమైంది ఇదొక్కటే. మిగతాదంతా అయోమయంగానే ఉంది.

ఆ పిల్ల గడి తెరిచింది. ఒక్కో అక్షరమే వెనక్కి పోయింది. ఖాళీ గడిలో సన్నని గీత ఒకటి ఆరుతూ వెలుగుతూ ఉంది. తన పేరు కొట్టబోతే రెండుసార్లు తప్పు పడింది.

"పొద్దున్నించి ఏటైనా తిన్నావా?" అన్నాను. లేదంది. కిందకు తీసుకుపోయి ఇద్దరికీ చెరో గిన్నె మోహింగా, అదే చేపల పులుసులో సేమ్యా, పెట్టించాను. మొదట తననే తినమన్నాను. నేను తింటేనే తింటానని నా వంక చూస్తూ కూర్చుంది. నేనూ తిన్నాను.

ఇది చదివినవాళ్లు వేళకు ఇంత కడుపునిండా తినండి.