లిఫ్టాయన అద్దె కారు

మా బావకి కోపం తెప్పించడం ఎవరి తరమూ కాదు. అక్క పెళ్లయిన ఇరవై రెండేళ్లుగా నేను చేయని ప్రయత్నం లేదు. ఆ లోటు తీర్చడానికే కాబోలు, ఇద్దరికి సరిపడా కోపం నా ఒక్కదానికే వచ్చింది.

బావ పని లిఫ్టు నడపడం. తొమ్మిది అంతస్తుల పాత ఆఫీసు మేడ. అందులో జాలీ తలుపుల లిఫ్టు, లోపల ఒక స్టూలు, ఒక ఇత్తడి పిడి. పిడి ఇటు తిప్పితే పైకి, అటు తిప్పితే కిందికి. ఇరవై ఆరేళ్లు ఆ స్టూలు మీద కూర్చున్నాడు. అక్కడ ఆయన పేరు ఎవరికీ తెలియదు, అందరికీ లిఫ్టాయనే. కానీ ఏ అంతస్తులో ఎవరి కూతురికి జ్వరం వచ్చిందో, ఎవరికి కొత్త కళ్లజోడు కుదరలేదో ఆయనకి తెలుసు. ఎక్కినవాళ్లని ఒక్క మాటా అడిగేవాడు కాదు. వాళ్లే చెప్పేవాళ్లు.

తరవాత మేడవాళ్లు మీట నొక్కితే పోయే కొత్త లిఫ్టు పెట్టించారు. బావ చేతిలో ఒక గోడ గడియారం పెట్టి ఇంటికి పంపారు. ఆయన ఆ గడియారాన్ని ముందుగదిలో తగిలించి, దాని కింద కుర్చీ వేసుకుని, ఎదుటి గోడని చూస్తూ ఎనిమిది నెలలు కూర్చున్నాడు. పిలిస్తే పలికేవాడు, పెడితే తినేవాడు. అంతే. మొహంలో మాత్రం మనిషి లేడు. నేను పక్క వాటాలోనే ఉంటాను కాబట్టి పొద్దునా సాయంత్రమూ ఆ మొహం చూడాల్సి వచ్చేది. నాకు ఏడుపొచ్చేది, ఏడుపొస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఒకరోజు పెరట్లో బట్టలారేస్తూ అక్క మెల్లగా చెప్పింది.

"నిద్రలో చెయ్యి తిప్పుతూనే ఉంటారే. పిడి తిప్పుతున్నట్టు. పైకి పోతూ అంతస్తులు లెక్కపెడతారు. నిన్న పన్నెండు దాకా వెళ్లారు."

"ఆ మేడకి ఉన్నవి తొమ్మిదేగా?"

"అవును. పన్నెండులో ఎవరో ఎదురు చూస్తున్నట్టు నవ్వారు కూడా."

అక్క కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఆ రోజే నాకు కారు ఆలోచన వచ్చింది.

లిఫ్టు పనిలో చేరకముందు బావ రెండేళ్లు సరుకుల వ్యాను నడిపాడు. లైసెన్సు ఉంది. మా వీధి చివర కార్లు అద్దెకిచ్చే షెడ్డు ఉంది. అక్కడ కారు తీసుకుని, ఫోన్లో పిలిచినవాళ్లని ఎక్కించుకుని తిరిగేవాళ్లు మా వీధిలోనే నలుగురున్నారు. షెడ్డాయన పంటికింద ఎప్పుడూ ఒక అగ్గిపుల్ల ఉంటుంది. దాన్ని ఇటు నుంచి అటు మార్చి చెప్పాడు.

"ఎక్కినవాళ్లు దిగాక ఫోన్లో స్టార్లు వేస్తారమ్మా, ఐదుకి ఇన్ని అని. నెలాఖరుకి నాలుగున్నర ఉండాలి. తగ్గితే బండి తాళం నా చేతికొచ్చేయాలి. ఎవరికైనా అదే రూలు."

"మా బావకి ఆరు వేస్తారు చూడు," అన్నాను. నా నోరు ఊరుకోదు కదా.

బూడిద రంగు కారు వచ్చింది. మొదటిరోజు పొద్దున్నే బావ దాన్ని తుడిచి, తలుపు నాలుగుసార్లు తెరిచి మూసి, ఆ చప్పుడు విన్నాడు. సాయంత్రం ఇంటికొచ్చి, ఎనిమిది నెలల తరవాత, అడక్కుండానే మాట్లాడాడు.

"మరదలు పిల్లా, ఊరంటే ఏంటో ఇవాళ తెలిసిందే. పెద్ద మేడని పక్కకి పడుకోబెట్టారు, అంతే. వీధులన్నీ అంతస్తులే."

మా ఊరు ఏటవాలు మీద ఉంటుంది. కింద మార్కెట్టు, పైన ఆసుపత్రి, మధ్యలో మెలికలు తిరిగే ఒకే రోడ్డు. పొద్దున మంచులో ఆ రోడ్డు సగం దాకానే కనిపిస్తుందట. మిగతా సగం చక్రాల ముందు ఒక్కో గజం పుడుతూ వస్తుందట. బావ అవన్నీ కళ్లు మూసుకుని చెబుతుంటే అక్క వంట మర్చిపోయి వినేది. కుర్చీని ఎవరో తీసి పెరట్లో వేశారు. ఎవరో ఏంటి, నేనే.

ఇరవయ్యో తారీఖుకి స్టార్లు నాలుగుంపావుకి పడిపోయాయి. బావ బండి కుదుపు లేకుండా నడుపుతాడు, సీట్లు అద్దంలా ఉంచుతాడు, నోట్లో నాలుక లేని మనిషి. ఇంకేం కావాలట జనానికి?

"నాకూ తెలీదే," అన్నాడు బావ, అడిగితే. దిగులుగా పెరట్లోని కుర్చీ వైపు చూశాడు.

నేను పనిచేసే కళ్లజోళ్ల దుకాణానికి సెలవు పెట్టి, కారు పక్కనే నిలబడి ఫోన్లో పిలిచాను. పిలుపు ఆయనకే వెళ్లింది. దర్జాగా వెనక సీట్లో కూర్చుని ఆసుపత్రికి పోనిమ్మన్నాను.

రెండు మలుపులు తిరిగాం. రోడ్డు పక్కన బస్సు కోసం నిలబడ్డ ఒక ముసలాయన చెయ్యెత్తాడు. బావ బండి ఆపి అద్దం దించాడు.

"పైకేనా?"

"ఆసుపత్రికి బాబూ."

"ఎక్కండి."

ముసలాయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు. నేను నోరు తెరిచేలోపు ఇంకో మలుపులో రెండు పూలకుండీలు పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. మళ్లీ ఆపాడు. వెనక్కి తిరిగి, నన్ను, సొంత మరదలిని, మర్యాదగా అన్నాడు: "కొంచెం సర్దుకోండమ్మా."

ఒళ్లో పూలకుండీ పెట్టుకుని ఆసుపత్రి దాకా పళ్లు నూరుకుంటూ కూర్చున్నాను. వాళ్లు దిగారో లేదో విరుచుకుపడ్డాను.

"బావా! రోజూ ఇదేనా నువ్వు చేసేది?"

"ఖాళీ ఉంది కదే. దారిలోనే కదా."

"వాళ్ల దగ్గర డబ్బులు తీసుకుంటున్నావా?"

"ఛ! లిఫ్టుకి డబ్బులేంటే?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

నెత్తి కొట్టుకున్నాను. పిలిచినవాళ్లు దిగేదాకా ఆ బండి వాళ్లదేనని, ఒళ్లో కుండీలు పెట్టుకుని ఎవరూ ఐదు స్టార్లు వేయరని, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాను.

"మరి మధ్యలో నిలబడ్డవాళ్లు?" అన్నాడు.

"వాళ్లు నీకు కనపడకూడదు."

"కనపడకూడదు," అని పాఠంలా అప్పజెప్పాడు.

ఆ మాట పట్టుకుని పది రోజులు నడిపాడు. స్టార్లు నెమ్మదిగా లేచాయి. బావ కబుర్లు మాత్రం తగ్గాయి. స్టార్ల సంబరంలో నేనది పట్టించుకోలేదు.

నెలాఖరు సాయంత్రం కుండపోత వాన. బావ ఇంటికొచ్చి ఫోను బల్ల మీద పెట్టాడు. నాలుగున్నర! నేను ఎగిరి గంతేశాను. ఆయన పళ్లెం ముందు కూర్చుని ముద్ద ముట్టలేదు.

"ఇవాళ వానలో ఎవరో ఒకావిడ చెయ్యెత్తింది. చేతిలో సంచి ఉంది. నేను చూడలేదు."

"చూడకుండానే సంచి కనపడిందా?" అని ఆటపట్టించాను. నవ్వలేదు.

అప్పుడే వీధి తలుపు తీసుకుని అక్క వచ్చింది. తల నుంచి నీళ్లు కారుతున్నాయి. చేతిలో నానిపోయిన పిండి సంచి.

"ఆవిడ నేనేనండీ," అంది.

బావ లేచి నిలబడ్డాడు. నేనయితే ఆ సంచి ఆయన నెత్తిన బోర్లించేదాన్ని. అక్క దాన్ని గోడవారగా పెట్టి ఆయన దగ్గరికి వెళ్లింది.

"నన్ను ఎక్కించుకోలేదని కాదు. మీరు నా ముందు నుంచి వెళ్తుంటే మీ మొహం చూశాను. కుర్చీలో కూర్చున్నప్పటి మొహమే అది. గోడని చూసే మొహం. అది మళ్లీ చూడకూడదనే కదా ఈ కారు తెచ్చుకున్నాం?"

ఆ మాటతో ఇద్దరూ ఏడ్చారు. కనపడకూడదని నేర్పింది నేనే. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాడు షెడ్డు తెరవకముందే షెడ్డాయన ఇంటి తలుపు బాదాను.

"ఫోను ఆపేసి ఉన్నప్పుడు బండి ఎవరిది?"

"అద్దె కట్టినాయనది." ఆయన నోట్లో ఇంకా అగ్గిపుల్ల కూడా పడలేదు.

"అప్పుడు ఎవర్నైనా ఎక్కించుకోవచ్చా?"

"డబ్బులు పుచ్చుకోనంతవరకూ ఎవర్నైనా ఎక్కించుకోండి. నన్ను మాత్రం ఇంత పొద్దున్నే లేపకండి తల్లీ."

ఆ మరుసటి రోజు నుంచి బావ ఒక గంట ముందు లేస్తున్నాడు. ఫోను ఆపేసి బండి అరలో పడేస్తాడు. ఆ గంటలో కింద నుంచి పైకి, పైనుంచి కిందికి. మొదటి రోజు నేను ముందు సీట్లో కూర్చున్నాను, కాపలాకి అని చెప్పాను గానీ, నిజానికి ఆ రోడ్డు పుట్టడం చూద్దామని. తెల్లగా మంచు. వీధి దీపాలు ఇంకా ఆర్పలేదు. బండి కదిలిందో లేదో, మా గేటు ముందే ఒకావిడ చెయ్యెత్తి నిలబడి ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, చేతిలో సంచీ గట్రా ఏమీ లేకుండా.

బావ బండి ఆపాడు. అద్దం దించాడు. చాలా మర్యాదగా అడిగాడు.

"పైకా, కిందికా అమ్మా?"

"పైకే," అంది అక్క.

"ఎన్నో అంతస్తు?"

అక్క నా వంక ఒకసారి చూసింది. తరవాత ఆయన వంక చూసింది.

"పన్నెండు," అంది.