నల్లరాయికి పైపక్క

మా నాయనకు రాళ్ళ గురించి నేర్పింది నేనే. ఇప్పుడీ మాట చెప్పుకోవాలంటే నోట్లో మన్ను పడినట్టుంటుంది. అయినా నిజం నిజమే. నేర్పింది నేను, నేర్చుకుంది ఆయన, మధ్యలో ఇంకెవరూ లేరు.

నేను జియాలజీ చదివాను. చదువుకు తగ్గ ఉద్యోగం దొరక్క, పెళ్ళై కాపురానికొచ్చిన తాడిపత్రిలో ఒక ప్రైవేటు బడిలో సోషల్ టీచరుగా చేరాను. ఏడాదికొకసారి శిలల పాఠం వచ్చినప్పుడు మాత్రమే నా డిగ్రీకి పని పడుతుంది. మా ఊరు రాప్తాడు అవతల, హైవే దిగి లోపలికి పోవాలి. మాది మెట్ట చేను. శనక్కాయ విత్తడం, మెడ నొప్పి పుట్టేదాకా మబ్బుకేసి చూడడం, ఇదే మా ఇంటి సేద్యం. అది నాయనా తమ్ముడూ చూసుకునేవాళ్ళు. నేను సెలవులకు పోయేదాన్ని.

అమ్మ పోయాక నాయన మాటలు బాగా తగ్గిపోయాయి. అడిగితే ఊ అనేవాడు, లేకపోతే అదీ లేదు. ఎట్లాగైనా ఆయన చేత మాట్లాడించాలని, ఒకనాటి సాయంత్రం చేని గెట్టు మీద నడుస్తూ రాళ్ళ కబుర్లు మొదలుపెట్టాను. గెట్టు మీద రాళ్ళు తప్ప మాట్లాడుకోవడానికి ఇంకేముంటాయి మాకు.

"రాయంటే రాయే గదా పాపా. దాంట్లో జాతులేముంటాయి?" అన్నాడు.

"మనుషుల్లో పెట్టుకున్నాం, రాళ్ళలో ఉండవా నాయనా?" అన్నాను.

నవ్వాడు. అమ్మ పోయిన తర్వాత ఆయన నవ్వగా నేను చూడడం అదే మొదలు. ఆ నవ్వు కోసం నా చదువంతా ఆయన ముందు కుమ్మరించడానికి సిద్ధపడిపోయాను.

రాళ్ళను రంగును బట్టి విడదీయరని, పుట్టుకను బట్టి మూడు రకాలుగా విడదీస్తారని చెప్పాను. భూమిలో చాలా లోతున రాయి కరిగి పాకంలా ఉంటుంది. అది లోపలే నిదానంగా చల్లారితే, కలకండలో పలుకులు కట్టినట్టు, పెద్ద పెద్ద పలుకులు కడుతుంది. మా చుట్టూ ఉన్న గ్రానైటు గుండ్లు అట్లా పుట్టినవే. దగ్గరగా చూస్తే తెల్లటి పలుకు, గులాబీ పలుకు, నల్ల చుక్క వేరువేరుగా కనిపిస్తాయి. అదే పాకం పైకి ఎగదన్ని త్వరగా చల్లారితే పలుకు పెరిగే తీరిక ఉండదు. రాయి సన్నటి నూకలా, కంటికి విడివిడిగా ఆననంత మెత్తగా గట్టిపడుతుంది. రెండూ ఒకే రకం, అగ్నిశిలలే. నాయన ఒక గుండు ముందు కూర్చుని, పైపంచెతో దుమ్ము తుడిచి, పలుకులను వేలితో తాకి చూశాడు.

రెండో రకం చూపించడానికి ఆయన్ను తాడిపత్రికి రప్పించాను. కళ్ళ పరీక్ష అని వంక పెట్టాను. పరీక్ష అయ్యాక పాలిషింగు యూనిట్ల వైపు తీసుకుపోయాను. అక్కడ నాపరాళ్ళు దొంతర్లుగా పేర్చి ఉంటాయి. ఒకప్పుడు ఇక్కడ సముద్రం ఉండేదని, దాని అడుగున సున్నమూ బురదా పొర మీద పొర పేరుకుని, పైబరువుకు గట్టిపడి ఈ రాయి అయిందని, ఇట్లాంటివాటిని అవక్షేప శిలలంటారని చెప్పాను.

"సముద్రమా? తాడిపత్రిలోనా? తాగేదానికి ట్యాంకరు రావాల, ఈడ సముద్రమంట!" అని పెద్దగా అన్నాడు. పని చేసుకుంటున్న కూలీలు తిరిగి చూశారు.

బాత్రూము కడిగే యాసిడ్ ఒక చుక్క నాపరాయి ముక్క మీద వేశాను. బుసబుసా పొంగింది. గ్రానైటు ముక్క మీద వేస్తే ఉలుకూ పలుకూ లేదు. సున్నముంటేనే పొంగుతుందన్నాను. ఆ సీసా ఆయన ఊరికి పట్టుకుపోయి, రచ్చకట్ట దగ్గర వచ్చినవాళ్ళకూ పోయినవాళ్ళకూ అదే పనిగా చూపించాడట. తమ్ముడు ఫోను చేసి, "అక్కా, నాయనకు ఏం పిచ్చి తగిలించినావు? ఇంట్లో కడప బండ మీదంతా తెల్ల మచ్చలు పడినాయి" అని నవ్వాడు.

మూడో రకానికి ఇటుకల బట్టీ సాయం వచ్చింది. పచ్చి ఇటుక కాలితే కరగదు, అయినా మళ్ళీ మన్నూ కాలేదు. అట్లాగే ఉన్న రాయే లోతున వేడికీ ఒత్తిడికీ రూపం మార్చుకుంటే రూపాంతర శిల. సున్నపురాయి పాలరాయి అవుతుంది, బురద పేరిన రాయి పలకరాయి అవుతుంది. మా ఊరి వంకలో, ఎండిన వాగులో, చారల చారల బండ ఉంది. నలుపు ఒక చార, తెలుపు ఒక చార. నలిగి నలిగి అట్లా అయిందని చెప్పాను. నాయన దాని మీద చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత మూడింటికీ తన పేర్లు పెట్టుకున్నాడు. ఉడికిన రాయి, పేరిన రాయి, మారిన రాయి. నా పుస్తకంలో పేర్లకన్నా అవే బాగున్నాయి. మా పిల్లలకు ఇప్పటికీ ముందు ఆ పేర్లే చెప్తాను.

ఇక నల్లరాయి. మా చేని నడుమ తూర్పు నుంచి పడమరకు తాడు పట్టి గీసినట్టు నల్లటి గుండ్ల వరస ఒకటి ఉంది. పక్కవాళ్ళ చేలోంచి వచ్చి మా చేను దాటి అవతల గుట్ట దాకా పోతుంది. ఎవరో రాక్షసుడు గోడ కట్టబోతే కోడి కూసిందని, సగంలో వదిలేసి పోయాడని ఊళ్ళో చెప్తారు. గొర్రు తగిలి విరిగినప్పుడల్లా నాయన ఆ రాక్షసుణ్ణి అమ్మనాబూతులు తిట్టేవాడు.

"అది రాళ్ళ వరస కాదు నాయనా, నిజంగా గోడే" అన్నాను. పాత రాయి నిలువునా పగిలితే ఆ పగులులోకి కింద నుంచి పాకం ఎక్కి గట్టిపడింది. పైకి కనిపించేది తల మాత్రమే, ఒళ్ళంతా కిందనే ఉంది. మా చేను ఎగువ నుంచి దిగువకు వాలు. ఇంకిన వాన నీళ్ళు మన్నులో, చివికిన రాయిలో పడి లోలోపలే దిగువకు జారుతుంటాయి. ఈ గోడకు పగుళ్ళు తక్కువ కాబట్టి నీళ్ళు దానికి ఆనుకుని పైపక్కన ఆగిపోతాయి. "ఎప్పుడైనా బోరు వేస్తే దీనికి పైపక్కనే వేయాల నాయనా. కిందిపక్క వేస్తే దుమ్ము లేస్తాది" అని, ఎక్కడ వేస్తే బాగుంటుందో చెయ్యి పెట్టి మరీ చూపించాను.

నాయన నల్లరాయి మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. "ఇన్నేండ్లు దీన్ని తిట్టుకుంటి" అన్నాడు.

ఆ రోజే నా మనసులో మాట కూడా చెప్పాను. నాకు ఇక్కడ చీనీ తోట, అదే బత్తాయి తోట, పెట్టుకోవాలని ఉంది. బడి ఉద్యోగం ఎన్నాళ్ళు చేసినా అరువు బతుకే. ఎవరి పిల్లలకో పాఠం చెప్పి, ఎవరి ఇంట్లోనో అద్దెకుండి, ముసలితనంలో చేతులూపుకుంటూ మిగలడం నాకు ఇష్టం లేదు. చీనీ చెట్టుకు నీళ్ళు తప్పకుండా ఉండాలి. నల్లరాయి పైపక్కన నాకు ఒక ముక్క ఉంటే చాలన్నాను. "నీది కాక ఎవరిది పాపా" అన్నాడు నాయన. నేను ఆ మాటను మూటగట్టి కొంగున ముడేసుకుని తాడిపత్రి బస్సెక్కాను.

చేను పంచే మాట కూడా ఆయనే తెచ్చాడు. కూతురుకు సగం ఇస్తానన్నాడు. ఊళ్ళో కొందరు మూతులు తిప్పుకున్నా వినలేదు. మా నాయనని చూసి పొంగిపోయాను. ఒక్కటే అడిగాను. గీత ఎగువ నుంచి దిగువకు నిలువుగా గీయమన్నాను. అట్లాగైతే నల్లరాయి ఇద్దరికీ సగం సగం వస్తుంది. ఇద్దరికీ పైపక్క ఉంటుంది, ఇద్దరికీ కిందిపక్క ఉంటుంది. నాయన పుల్ల తీసుకుని నేల మీద నిలువు గీత గీసి చూపించాడు. తమ్ముడు పక్కనే ఉన్నాడు. "అట్లే కానీలే" అన్నాడు నాయన.

కొలతలు పెట్టుకున్న రోజు బడిలో పరీక్షలు. సెలవు పెట్టి వస్తానంటే నాయనే వద్దన్నాడు. "ఎండలో యాడ తిరుగుతావు పాపా? నేనుండాను గదా" అన్నాడు. నిజమే కదా, ఆయనుండగా నాకేం భయం అనుకున్నాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయట. పిల్లల పేపర్లు దిద్దుకుంటూ కూర్చున్నాను.

పరీక్షలు అయ్యాక ఊరికి పోయాను. బస్సు దిగగానే మా వీధి పెద్దమ్మ ఎదురై, నా చెయ్యి పట్టుకుని, "మీ నాయన ఆడబిడ్డని తక్కువ చేయలేదమ్మా, నీకే ఎక్కువిచ్చినాడు. ఇట్లాంటి నాయన యాడుంటాడు?" అంది. ఎక్కువేమిటో అర్థం కాక నేరుగా చేనుకు నడిచాను.

హద్దుకు కొత్త రాతి కూసాలు నాటి ఉన్నాయి. తెల్లటి సున్నం పూసి, నల్లరాయి వరస వెంబడి, తూర్పు నుంచి పడమరకు. పైపక్క తమ్ముడిది, కిందిపక్క నాది. కిందిపక్క కొంచెం వెడల్పు. పెద్దమ్మ చెప్పిన ఎక్కువ అదే.

తమ్ముడు నన్ను చూసి, తేలు కుట్టిన దొంగలా, ట్రాక్టరు దగ్గరికి పోయి దాని చక్రంలో లేని రాయి వెతకడం మొదలుపెట్టాడు. నాయన మాత్రం ఎదురొచ్చాడు.

"నిలువుగా అంటిమి గదా నాయనా?"

"దేవుడేసిన గెట్టు ఉండంగా మళ్ళా కొత్త గెట్టు ఎందుకు పాపా? నిలువుగా కోస్తే ట్రాక్టరు యాడ తిరుగుతాది?"

"కిందిపక్క నీళ్ళుండవని నేనే చెప్పింటి గదా నీకు."

"చెప్పినావు" అన్నాడు. కొత్త కూసం మీద చెయ్యి వేసి, "అందుకే" అన్నాడు.

ఆ 'అందుకే' బదులు అబద్ధమాడినా బాగుండేది. తెలియక జరిగిందంటే నమ్మేదాన్ని, నమ్మడానికి సిద్ధంగానే ఉన్నాను. ఆయన దాచలేదు. "వాడు ఈడనే బతకాల. నీకు జీతముండాది, మొగుడుండాడు. నీళ్ళు లేకుంటే వాడు బెంగుళూరుకు పోయి కూలి చేసుకోవాల. ఆలోచన చేయి" అన్నాడు, ఎంతో నెమ్మదిగా, నాకు పాఠం చెప్తున్నట్టు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. నన్ను అడిగి ఉంటే, తమ్ముడి కష్టం చెప్పి ఉంటే, నేనే పైపక్క వదిలేసి ఉండేదాన్నేమో. ఆ ఇచ్చే గొప్ప కూడా నాకు మిగల్చలేదు. పెద్దమనుషుల ముందు కూసాలు నాటేశాక ఇక ఎవరికి చెప్పుకోవాలి? నాయన మీద పంచాయితీ పెట్టిన కూతురు అని ఊరు నవ్వుతుంది. ఇప్పుడేమో ఆడబిడ్డకు ఎక్కువిచ్చిన తండ్రి అని ఆయన్ను మెచ్చుకుంటోంది.

ఆ పూట అన్నం తినకుండా తిరుగు బస్సెక్కాను. ఆయన వద్దని అనలేదు, ఉండమనీ అనలేదు. తర్వాత ఫోన్లు వచ్చాయి, తీశాను, బాగున్నానని చెప్పాను. రాళ్ళ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

మరుసటి ఏడాది బడిలో శిలల పాఠం వచ్చింది. గ్రానైటు, నాపరాయి, చారల బండ, అన్నీ బల్ల మీద పెట్టి చెప్పుకుంటూ పోయాను. ఒక పిల్ల లేచి, "టీచర్, ఇవి తెలుసుకుంటే ఏమొస్తుంది?" అంది. ఇదివరకైతే నీళ్ళెక్కడుంటాయో తెలుస్తుందని చెప్పేదాన్ని. ఆ రోజు "పరీక్షలో మార్కులొస్తాయి, కూర్చో" అన్నాను. నా నోట అట్లాంటి మాట వచ్చినందుకు నాయన మీదే మళ్ళీ కోపమొచ్చింది.

ఈ ఎండాకాలం, బడిలో మధ్యాహ్నం టిఫిను డబ్బా విప్పుకుంటుంటే ఆయన నుంచి ఫోను. అవతల పెద్ద మిషను రొద. గొంతు చించుకుని అరుస్తున్నాడు.

"పాపా! పడినాయి పాపా నీళ్ళు! నువ్వు చెప్పినట్టే, నల్లరాయికి పైపక్క, నువ్వు చెయ్యి పెట్టి చూపించిన చోటనే ఏపిస్తి. ముందు ఎర్రమన్ను వచ్చె, మళ్ళ చివికిన రాయి వచ్చె, ఆమీట గట్టిరాయి తగిలి ఒకటే దుమ్ము. నా పానం పోయినట్టాయె. ఇంకొంచెం దిగేతలికి పగులు తగిలె. ఇంగ సూడు, వరదే! నీ మాట ఒక్కటీ తప్పు పోలేదు పాపా!"

నాకు తెలిసి ఆయన అంత సంతోషంగా ఎప్పుడూ మాట్లాడలేదు. అది దొంగ సంతోషం కాదు. క్లాసులో సరైన జవాబు చెప్పిన పిల్లాడు టీచరు మొహంలోకి చూసినట్టు, నేను భళా అంటానని ఎదురుచూస్తున్నాడు. నా తోట తీసి ఇంకొకరికిచ్చానన్న సంగతే ఆయనకు తోచలేదు. మోసం చేశానని తెలిసి మోసం చేసినవాడి మీద కోపం తెచ్చుకోవచ్చు. ఈయన్ను నేనేం చేయాలి?

"సంతోషమే గదా పాపా నీకు?" అన్నాడు.

"ఎవరి నీళ్ళు నాయనా అవి?"

"అదేం మాట? నీళ్ళకు ఆడబిడ్డ, మగబిడ్డ అని ఉంటాదా యాడన్నా? కావాలంటే నీ పక్కకు పైపు ఏపిస్తా. తమ్ముడేమన్నా కాదంటాడా?"

"నీళ్ళకు లేదు నాయనా" అన్నాను. "నీకుండాది."

ఆయన ఫోను పెట్టేయలేదు, నేనూ పెట్టేయలేదు. వెనకాల నీళ్ళ చప్పుడు మాత్రం ఆగకుండా వినిపిస్తూనే ఉంది.