రెండు టేపుల కేకు

ఒర్లియంపేటలో తనను మించిన లెక్కల మనిషి లేదని అంబుజం గట్టి నమ్మకం. గుడ్డల కొట్లో భర్త బాలకృష్ణన్ పక్కన కూర్చుని, జుట్టు నెరిసేదాకా గజాల్ని మీటర్లు చేసింది. ఒకదానికి ఇంతైతే పదింటికి ఎంత అని అడుగుతూ పోతే లోకంలో తేలని లెక్కే లేదంటుంది. అలాంటి మనిషికి కొత్త కోడలు లోకేశ్వరి మాత్రం అంతుచిక్కలేదు. వచ్చి నెలలవుతున్నా తలూపడమే తప్ప నోరు విప్పదు. ఇంట్లో ఒక మనిషి మాట్లాడకుండా తిరుగుతుంటే అంబుజానికి అన్నం సయించదు. అందుకే కోడలి పుట్టినరోజుకి కేకు తానే చేస్తానని వీధంతా చాటింది. తన చేతి కేకు తిన్నాక మాట్లాడక ఏం చేస్తుందని ధీమా.

తీరా చూస్తే వంట వీడియోలో మూడు వందల యాభై ఫారన్‌హీట్ అన్నారు. కొత్త ఓవెన్ మీదేమో సెల్సియస్ అంకెలు.

"నూరు జ్వరం అంటే ముప్పై ఎనిమిది అని డాక్టరు చెప్పలే? నూరుకి ముప్పై ఎనిమిదైతే మూడు నూర్లా యాభైకి నూటా ముప్పై మూడు. కణక్కు అయిపోయింది," అని అంబుజం లెక్క తేల్చేసింది.

లోకేశ్వరి ఏదో అనబోయి, అత్త ముఖం చూసి ఊరుకుంది.

కేకు బయటికొచ్చింది. పైన మీగడలాంటి పొర, కింద పచ్చి పిండి. బాలకృష్ణన్ నిమ్మళంగా చెంచా తెచ్చుకుని, "పాయసం బాగుండాది," అన్నాడు.

అంబుజానికి తల కొట్టేసినట్టయింది. గుడ్డల మిల్లువాళ్లు కానుకగా ఇచ్చిన థర్మామీటరు ఒకటి గోడకి వేలాడుతోంది. దాని ముందు నిలబడి కళ్లద్దాలు సవరించుకుంది. ఒక పక్క సెల్సియస్, ఇంకో పక్క ఫారన్‌హీట్. సున్నాకి ఎదురుగా ముప్పై రెండు.

"ఇదో చూడండి. రెండు టేపులూ ఒకే చోట మొదలు కాలే. ముందు ఆ ముప్పై రెండు కత్తిరించి పారేసి, ఆ పైన కొలవాల."

జ్వరంలోంచి ముప్పై రెండు తీసింది, వీడియో అంకెలోంచీ తీసింది. అరవై ఎనిమిదికి ముప్పై ఎనిమిదైతే మూడు వందల పద్దెనిమిదికి ఎంత అని మళ్లీ లెక్క కట్టింది. నూటా డెబ్బై ఏడు చిల్లర తేలింది. ఇక ఆమెను పట్టడం ఎవరి తరం? ఎండ వేడిని ఈ కొలతలోంచి ఆ కొలతలోకి మార్చింది, భర్త కాఫీ వేడిని మార్చింది, ఎదురింటి మరగతాన్ని పిలిచి పోయిన నెల ఆమెకొచ్చిన జ్వరాన్ని కూడా మార్చి చెప్పింది. ఈలోపు రెండో కేకు బుసబుసా పొంగింది.

సాయంత్రం ముక్క నోట్లో పెట్టుకోగానే లోకేశ్వరికి నవ్వు ముంచుకొచ్చింది. పొలమారి, నీళ్లు తాగి, మళ్లీ నవ్వింది.

"ఏంది పాపా?"

"ముప్పై రెండు తీసెయ్యాలని నాకు పొద్దున్నే తెలుసత్తా. మీరు అంత సంతోషంగా కణక్కు వేస్తా ఉంటే అడ్డం రావడానికి భయమేసింది."

కోడలి నోట అంత పొడుగు మాట వినడం అదే మొదలు. పాడైన గుడ్లూ వెన్నా గుర్తొచ్చి అంబుజానికి చుర్రుమంది. మరుక్షణం కడుపు నిండిపోయింది. ఇంకో పెద్ద ముక్క కోసి కోడలి పళ్లెంలో వేసింది.

"ఇకమీద అడ్డం రా. ఈ ఇంట్లో నువ్వు నోరు మూసుకుంటే ఏదీ ఉడకదు."