ప్రకాశం నవ్వితేనే నాటిక

నాది నందికొట్కూరులో మైకుసెట్టు అంగడి. పేరు నరసింహ. పెళ్ళిళ్ళు, జాతర్లు, ఉరుసులు, చర్చి పండగలు, ఎవరు పిలిచినా పెట్టెలు ఆటోలో వేసుకుని పోతాను. నాటకం ఆడే చోట అందరూ వేదికకేసి చూస్తారు. మైకువాడు మాత్రం జనంకేసి చూడాలి. వెనక కూర్చున్న ముసలామె చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంటే సౌండు పెంచాలి, ముందు వరసలో పసిబిడ్డ ఉలిక్కిపడితే తగ్గించాలి. ఇన్నేళ్ళూ అదే పని కాబట్టి నాకు నాటకాలకంటే జనం మొహాలే బాగా తెలుసు. వాళ్ళలోనూ రకాలున్నారు. పక్కవాడు నవ్వితే గానీ నవ్వనివాడు ఒకడు. నవ్వొచ్చినా పెద్దరికం పోతుందని మీసం కింద బిగబట్టేవాడు ఒకడు. వేదిక మీదవాడు నోరు తెరవకముందే ఆ మాటేదో తానే అనేసి చుట్టూ ఉన్నవాళ్ళ సంతోషం చెడగొట్టేవాడు ఇంకొకడు. వీణ్ణి చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది.

ఆత్మకూరు దారిలో ఒక పల్లె ఉంది. అక్కడి చర్చి తాతల నాటిది. ఏటా కోతపండగ చేస్తారు. పొద్దున ఆరాధన, మధ్యాహ్నం జనం కానుకగా తెచ్చిన గుమ్మడికాయలూ జొన్నలూ కోళ్ళూ వేలంపాట, పొద్దు గూకగానే చర్చి ముందరి బయల్లో హాస్యనాటికలు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జట్లు వస్తాయి. ఒక్కో జట్టు కాసేపు ఆడి దిగిపోతుంది. అవి అయ్యాకే భోజనాలు. మధ్యలో తాడు కట్టి, ఒక పక్క మగవాళ్ళు, ఒక పక్క ఆడవాళ్ళు కింద పట్టాల మీద కూర్చుంటారు. మగవాళ్ళ వైపు ముందు వరసలో ఒకే ఒక్క కుర్చీ వేస్తారు. అది పాస్టరుగారికి కాదు, సర్పంచుకూ కాదు. ప్రకాశానికి.

ప్రకాశం బేతంచెర్ల దగ్గర బండల ఫ్యాక్టరీలో రాళ్ళు కోసి, నునుపు పెట్టి, వయసంతా అక్కడే ఖర్చు చేసుకుని వచ్చిన మనిషి. పొలం లేదు. పిల్లలు కలగలేదు. నలుగురిలో ఉన్నా నోరు విప్పి మాట్లాడడు. ఆయనకున్నదల్లా నవ్వు. బోరింగు కొడితే ముందు గాలి వచ్చి, గరగరలాడి, ఆ తర్వాత ఒక్కసారిగా నీళ్ళు దూకినట్టు ఉండేది ఆ నవ్వు. అది మొదలైతే బయలంతా నవ్వాల్సిందే. మీసం కింద దాచుకునేవాడు కూడా తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకునేవాడు. 'ప్రకాశం నవ్వితేనే నాటిక, లేకుంటే వట్టి అరుపులు' అని ఆ చుట్టుపక్కల ఒక మాటే పుట్టింది. బహుమతి ఇచ్చే పెద్దమనుషులు కూడా నాటికను వదిలేసి ఆయన ఎంతసేపు నవ్వాడో చూసుకునేవాళ్ళు. వేషాలు కట్టుకున్న పిల్లలు వేదికెక్కే ముందు ఆయన దగ్గరికి వచ్చి, "మా దానికి రోంత గట్టిగా నవ్వల్ల పెద్దనాయనా" అని బతిమాలుకుని పోయేవాళ్ళు.

ఆయనకు చెవులు వినపడవని ఆ బయల్లో తెలిసినవాళ్ళం ఇద్దరమే. నేనూ, ఆయన భార్య రత్నమణీ. ఊరివాళ్ళకు ఆయన కొంచెం చెవిమందం అని మాత్రం తెలుసు. అంతంత పెద్ద పెట్టెలు పెట్టాక ఎంత మందమైనా వినపడదా అనుకునేవాళ్ళు.

నాకెలా తెలిసిందంటే, ఒక ఏడు నాటిక మధ్యలో వైరు తెగి మైకు చచ్చిపోయింది. జనం నా మీద పడ్డారు. మైకు పలికినప్పుడు మెచ్చుకునేవాడు ఉండడు గానీ, ఆగినప్పుడు తిట్టడానికి ఊరంతా సిద్ధమే. నేను మోకాళ్ళ మీద పడి వైర్లు వెతుక్కుంటుంటే, ప్రకాశం మాత్రం కుర్చీ ఊగిపోయేలా నవ్వుతున్నాడు. సౌండే లేని చోట ఈయనకు నవ్వు ఎందుకొచ్చిందా అని చూశాను. ఆయన కళ్ళు వేదిక మీద లేవు. తాడుకు అవతల, ఆడవాళ్ళ ముందు వరసలో ఉన్న రత్నమణి మీద ఉన్నాయి. ఆమె నా అవస్థ చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. ఆమె నవ్వుతోంది కాబట్టి ఈయన నవ్వుతున్నాడు.

నేను చూసినట్టు ఆమె గమనించింది. సామాను సర్దుకునేటప్పుడు దగ్గరికి వచ్చింది.

"కనిపెట్టినావు గదప్పా. ఆ మిషన్ల కాడ పోయినాయి చెవులు. ఎదురుగా ఉంటే నోరు చూసి తెలుసుకుంటాడు. దూరమైతే ఏమీ తెలీదు. ఎవురికీ చెప్పొద్దు నాయనా. ఊర్లోవాళ్ళు ఆయప్పను పిలిచి కుర్చీ ఏసేది ఏడాదికి ఈ ఒక్క పొద్దే."

నేను ఎవరికీ చెప్పలేదు. రత్నమణి కూడా ఏటా అదే చోట, ఆయనకు కనపడేలా కూర్చుంటూ వచ్చింది.

పోయిన ఎండాకాలం రత్నమణి చనిపోయింది. నాకు ఆలస్యంగా తెలిసింది. ఈసారి పండక్కి స్తంభాలు పాతుతుంటే జెస్సీ వచ్చింది. కర్నూల్లో చదువుకుంటున్న ఈ ఊరి పిల్ల. ఈ ఏడు తన ఊరి జట్టుకు నాటిక తానే రాసి, తానే వేషం కట్టింది.

"పెద్దనాయన రానంటాండాడన్నా. కుర్చీలో ఇంకెవురినన్నా కూర్చోబెట్టుకోండి అంటాండాడు. ఆయన ల్యాకపోతే మా నాటిక ఎవురు చూస్తారు చెప్పు?"

"ఆయన బాధ ఆయనది. వదిలెయ్యి తల్లీ," అన్నాను.

వదల్లేదు. చీకటి పడే వేళకు చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల. నలుగురిలోకి వస్తే దిగులు తగ్గుతుందని ఊరివాళ్ళు అనుకున్నారు. మంచి మనసుతోనే అనుకున్నారు. నా భయం మాత్రం వేరే. ఈ రాత్రి గుట్టు బయటపడితే ఆయన్ను మళ్ళీ ఏ పనికీ ఎవరూ పిలవరు. ఆ సంగతి ఆయనకు నాకంటే బాగా తెలుసు.

మొదటి నాటిక మొదలైంది. ఆయన అలవాటుగా తాడు అవతలికి చూశాడు. ఆ చోట గంగక్క కూర్చుని ఉంది. మధ్యాహ్నం వేలంపాటలో కోడిపుంజు ఎగిరొచ్చి నెత్తిన వాలినా మొహం కదలని మనిషి. ఆయన ఆ మొహంలో కాసేపు వెతికి, తల తిప్పుకున్నాడు. నాటిక అయిపోయింది. ఎవరూ నవ్వలేదు. ఆడినవాళ్ళు మైకు స్టాండు కాలికి తగిలి, దాన్నీ తిట్టుకుంటూ దిగారు.

రెండోదానికి ఆయన ఇంకో దారి వెతికాడు. కుర్చీలోనే పక్కకు తిరిగి జనాన్ని చూశాడు. వాళ్ళు నవ్వితే తానూ నవ్వుదామని. జనం ఆయన మొహమే చూస్తున్నారు, ఆయన నవ్వితే తామూ నవ్వుదామని. అన్ని వందల కళ్ళు తన నోటి మీదే ఉండేసరికి ఆయన బెదిరి ముందుకు తిరిగేశాడు. అంత జనంలో అంత ఒంటరిగా ఉన్న మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు. వెనక గుసగుసలు మొదలయ్యాయి. "పెండ్లాం పోయినోణ్ణి తెచ్చి ఈడ కూర్చోబెడితే ఎట్ల నవ్వుతాడప్పా" అని ఒకరు, "వినపడిందా అసలు?" అని ఇంకొకరు. ఆ రెండో మాట వినగానే నేను సౌండు పెంచేశాను.

మూడోది జెస్సీ వాళ్ళది. నా పెట్టెలు వేదిక పక్కన, ఆయనకు సూటిగా ఉన్నాయి. లేచి నిలబడ్డాను. మాటలు నాకు పట్టవు గానీ, ఆడేవాళ్ళు నవ్వు కోసం ఎక్కడ ఆగుతారో పసిగట్టగలను. జెస్సీ ఒక మాట అని, ఆగి, జనంకేసి చూసింది. నేను ఒక చెయ్యి పైకెత్తి, రెండో చేత్తో తొడ చరుచుకుని, పళ్ళన్నీ కనపడేలా నవ్వి చూపించాను.

ఆయన నన్ను చూశాడు. ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహం పాలిపోయింది. నాకు తెలుసన్న సంగతి రత్నమణి ఆయనకు చెప్పలేదన్నమాట. ఎత్తిన చెయ్యి దించెయ్యాలో ఉంచాలో తెలియక నేను అలాగే నిలబడ్డాను. అప్పుడు నవ్వాడాయన. ముందు గాలి, తర్వాత గరగర, ఆపైన నవ్వు. బయలంతా ఒక్కసారిగా పొర్లి పొర్లి నవ్వింది. సాయంత్రం నుంచీ బిగబట్టుకున్న నవ్వంతా జెస్సీ నాటిక మీద కుమ్మరించారు. గంగక్క పెదవి కూడా కొంచెం వంకరపోయింది. నేను చెయ్యి ఎత్తిన ప్రతిసారీ ఆయన నవ్వాడు, దించగానే ఆపాడు. మేస్త్రీ చేతికేసి చూసే కూలిమనిషి చూపు అది. చివరి దాకా ఆ కళ్ళు నన్ను వదల్లేదు.

బహుమతి జెస్సీ జట్టుకే వచ్చింది. ఆ పిల్ల పరుగున వచ్చి ఆయన కాళ్ళకు దండం పెట్టి పోయింది. జనం ఆయన భుజం తట్టి భోజనాలకు లేచారు. నేను వైర్లు చుట్టుకుంటుంటే ఆయన వచ్చి, నా మొహం మీద లైటు పడేలా చూసుకుని ఎదురుగా నిలబడ్డాడు.

"నీకు తెలుసునా నరసింహా?"

"తెలుసన్నా. అక్కే చెప్పింది."

తల ఊపాడు. కోపం లేదు. "జెస్సీ నాటికలో ఏం జరిగింది?"

నేను చుడుతున్న వైరు పక్కన పెట్టాను.

"ఆమె ఉన్నప్పుడు ఇంటికి పోయినంక అన్నం పెడతా చెప్తాండె. ఎవురు ఏమన్నారో, ఎట్ల నడిచినారో అంతా చేసి చూపిస్తాండె. ఈడ ఆమె నవ్వుతాందని నవ్వేవాణ్ణి. ఎందుకు నవ్వినానో ఇంటికి పోయినంకనే తెలుస్తాండె. నువ్వు ఈడనే ఉంటివి గదా. చెప్పు."

నోరు తెరిచాను. ఒక ఆడమనిషి చేటతో వచ్చింది, ఎవరితోనో తగవు పడింది. అంతకంటే ఒక్క ముక్క గుర్తు లేదు. నాటిక ఆడినంతసేపూ నేను చూసింది జెస్సీ ఆగే చోట్లను, ఈయన మొహాన్ని.

"చేట పట్టుకోని వచ్చిందన్నా," అన్నాను.

ఆయన నా పెదవులకేసి చూస్తున్నాడు. "ఊఁ. తర్వాత?"

ఆయన ఇంకొంచెంసేపు చూశాడు.

"పోనీలే నాయనా. అందరూ నవ్వినారు గదా. బాగుండి ఉంటాదిలే," అని భోజనాల వైపు కాకుండా ఇంటి వైపు తిరిగాడు.

"ఉండన్నా, జెస్సీని పిలుస్తా. ఆ పిల్లే అంతా చెప్తుంది," అన్నాను. గట్టిగానే అన్నాను. ఆయన వీపు నాకేసి ఉంది. అలాగే నడిచి పోయాడు.