తెల్లగుడ్డ మీద మూడు చుక్కలు

రెండో ప్రపంచ యుద్ధం అయిపోయిన రెండు మూడేళ్లకు ఆదోనిలో ఒక పత్తి సావుకారు మద్రాసు నుంచి అమెరికా కారు తెప్పించాడు. దానికి క్లచ్చి లేదు. గేర్లు వాటంతట అవే మారతాయన్నారు. నేను నమ్మక, సీటు ముందు వంగి మూడో పెడల్ కోసం వెతికాను. మెకానిక్కుగా పదేళ్ల పేరున్నవాణ్ణి, బజారంతా చూస్తుండగా లేని పెడల్ కోసం చేత్తో తడిమాను. ఆ కారు మీద నా కోపం ఆ రోజే మొదలైంది.

కారుతో పాటు ఒక ఇంగ్లీషు పుస్తకం వచ్చింది. కారును ఎలా చూసుకోవాలో అంతా అందులో రాసి ఉందట. సావుకారు దానికి పసుపు కుంకుమ పెట్టి బీరువాలో భద్రం చేశాడు.

ఆ కారు డ్రైవరు గోనెగండ్ల మనిషి. నాకంటే పెద్దవాడు. అంతకు ముందు ఎమ్మిగనూరు బస్సు తోలేవాడు. ఒక మధ్యాహ్నం కారు నా షెడ్డు ముందు నిలిపి, దిగకుండానే అన్నాడు:

"అప్పా, దీంట్లో యాడో ఒకచోట లీకు ఉండల్ల. నువ్వు సూపియ్యకపోతే నా పని పోతాది."

సంగతేమిటంటే, గేరుబాక్సులో నూనె తగ్గుతోంది. మద్రాసు నుంచి డబ్బాల్లో రావలసిన నూనె. సావుకారు పత్తి బోరెం సంచిలో మోచేతి దాకా చెయ్యి పెట్టి చూడనిదే ఎవరి మాటా నమ్మని మనిషి. సాయంత్రం ఎమ్మిగనూరు నుంచి తిరిగొచ్చి, ఇంటి ముందు ఇంజను ఆపేలోపే, కాళ్ల కింది చాప ఎత్తి, మూత తీసి, నూనె మట్టం చూపే గేజీ కడ్డీ తానే చూసేవాడు. గుర్తుకు రెండు వేళ్లు తక్కువ. దారిలో డ్రైవరు తీసి బస్సులవాళ్లకు అమ్ముకుంటున్నాడని ఆయన తీర్మానం. నూనె డబ్బాలు తన గదిలో పెట్టి తాళం వేసుకున్నాడు.

లీకులు పట్టడంలో నాకొక పద్ధతి ఉండేది. ఎమ్మిగనూరు తెల్లగుడ్డ, ఉతికింది, బండి కింద పరిచేవాణ్ణి. చుక్క ఎక్కడ పడితే తప్పు దాని పైన. ఆ రోజు ఇంజను నడిపించి గంటసేపు పరిచాను. చుక్క లేదు. గుడ్డను గేరుబాక్సు కిందే కట్టి ఎమ్మిగనూరు దాకా వెళ్లి వచ్చాం. దుమ్ము తప్ప ఏమీ లేదు. డ్రైవరు ఆ గుడ్డను విప్పి, తిరగేసి మరీ చూశాడు. మొహం కడుక్కుంటానని బావి దగ్గరికి పోయాడు.

నాకు పాపమనిపించింది. షెడ్డులోని పాత నూనె బుడ్డి తీసి గుడ్డ మీద మూడు చుక్కలు వేశాను.

అతను తిరిగొచ్చి గుడ్డను చూశాడు. నా వైపు చూశాడు. గుడ్డను మడిచి సావుకారు దగ్గరికి తీసుకుపోయాడు. సావుకారు చల్లబడ్డాడు. నేను కారు కింద దూరి, బిగువుగా ఉన్న బోల్టులనే ఇంకోసారి బిగించి, లీకు మూసేశానని చెప్పాను.

లీకు మూశానన్న నమ్మకంతో సావుకారు సాయంత్రాలు మూత తీయలేదు, అబద్ధం వారం రోజులు నిలబడింది. ఎనిమిదో నాడు మళ్లీ గేజీ తీసి చూసి, సావుకారు కారులో డ్రైవరును వెంటబెట్టుకుని నా షెడ్డుకే వచ్చాడు. ఇంజను ఆపనివ్వకుండానే మొదలుపెట్టాడు.

"లీకు నువ్వే మూసినావు గదా. మళ్లా రెండు వేళ్లు తక్కువే. మరి ఎవరు తాగుతాండారు? ఈ పొద్దుతో వీని లెక్క సరి."

నేను మూసిన లీకు అతని మెడకు చుట్టుకుంది. డ్రైవరు స్టీరింగు పట్టుకుని ముందుకే చూస్తున్నాడు.

"ఇంగో మాట," అన్నాడు సావుకారు. "పొద్దున నేను లేస్తానే ఎవరికీ సెప్పకుండా గేజీ సూస్తాండా. నిండుగా ఉంటాది. పగలు తీసేది, భయపడి మళ్లా పోసేది. అంతా తెలుసు నాకు."

డబ్బాలకు తాళం వేసి, తాళంచెవి మొలకు కట్టుకున్న మనిషి ఆ మాటన్నాడు. మళ్లా పోయడానికి డ్రైవరుకు నూనె ఎక్కడిది? నా బుర్ర అప్పుడు పని చేసింది.

"పొద్దున ఇంజను నడిపిచ్చి సూస్తారా సామీ, ఊరికేనే సూస్తారా?"

"కారు తోలకముందే ఇంజను యాల?"

నడుస్తున్న ఇంజను మీద గేజీ తీసి చూపించాను. రెండు వేళ్లు తక్కువ. ఇంజను ఆపాం. సావుకారు రెండు తాంబూలాలు నమిలేదాకా ఆగి, మళ్లీ తీశాను. గుర్తు దాకా నిండుగా ఉంది. కారు అంగుళం కదల్లేదు. ఇంజను నడిస్తే నూనె గేర్లలోకి పైకెక్కి కింద మట్టం తగ్గుతుంది, ఆగితే మళ్లీ కిందికి దిగుతుంది. అంతే. వేడి మీద, నడుస్తుండగా చూడాలని పసుపు పూసిన పుస్తకంలో ఉందని తర్వాత ఒక మాస్టరు చదివి చెప్పాడు. కారు మద్రాసు నుంచి వచ్చినప్పుడే అందులో నూనె కొంచెం తక్కువగా ఉంది. పోశాం, సరిపోయింది.

సావుకారు గొంతు సవరించుకుని, "రేపు పెందలాడే రా," అని డ్రైవరుతో చెప్పి, పక్కనే ఉన్న మండీకి నడిచిపోయాడు.

డ్రైవరుకు బీడీ ఇచ్చాను. తీసుకోలేదు.

"ఆ సుక్కలు నల్లగా ఉండె అప్పా. దీని నూనె తేటగుంటాది. ఆ పొద్దే సూసినా."

"నీ పని నిలబెడదామనే ఏసినా, అన్నా."

"నేను దొంగను కాదనుకునింటే, ఇంగొంచేపు ఎతికిందువు గదా."

నిజమే. పిల్లలు గలవాడు, కక్కుర్తి పడి ఉంటాడనే అనుకున్నాను. అతను కారెక్కి, బస్సు అలవాటు పోక, క్లచ్చి లేని చోట ఎడమకాలితో ఒకసారి ఉత్త నేలను తొక్కి, కారు ముందుకు పోనిచ్చాడు.