శిల్పి చెంపల సంగతి

నంద్యాలలో చర్మానికీ జుట్టుకూ వైద్యం చేసే క్లినిక్‌లో పనిచేస్తాను. బాగైనవాళ్లను బతిమాలి మా క్లినిక్ గురించి నాలుగు మంచిమాటలు చెప్పించి ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నా ఉద్యోగం. అబ్బో, దానికన్నా ఓట్లు అడుక్కోవడం నయం! మొటిమలు తగ్గినవాళ్లు తమకసలు మొటిమలే రాలేదంటారు. జుట్టు మొలిచినాయన బజారులో నన్ను చూసి సందులోకి తిరుగుతాడు.

అందుకే ఆళ్లగడ్డ శిల్పి సరేననగానే ఎగిరి గంతేశాను. ఆయన చెంపల నిండా మొటిమల గుంతలుండేవి. దాచుకోవడానికి ఏళ్లపాటు గడ్డం పెంచాడు. మా దగ్గర చేయించుకున్నాక నున్నగా గీసుకుని తిరుగుతున్నాడు.

"పేరొద్దు, మొగమొద్దు, గొంతు ఒకటే" అన్నాడు. "మాయమ్మ అహోబిలం సామికి మొక్కుకుంది మేడం. ఆయప్పే తగ్గించినాడని సంబరపడతాంది. కాదని తెలిస్తే తట్టుకోలేదు."

బస్సెక్కి వాళ్ల షెడ్డుకు పోయాను. రాతిపొడిలో నిలబడి ఫోన్ పట్టుకున్నాను. "రాయిలో గుంత పడితే బొమ్మ పనికిరాదు. నా మొగంలో గుంతలు మాత్రం ఈళ్లు పూడ్చినారు" అన్నాడు. చప్పట్లు కొట్టబోయి ఆగాను.

అంతలో వాళ్లమ్మ మజ్జిగ తెచ్చింది.

"బొమ్మ కోసం వచ్చినారుమా" అన్నాడు శిల్పి కంగారుగా.

"ఏం బొమ్మ?"

నేను వినాయకుడన్నాను. అదే క్షణాన ఆయన ఆంజనేయుడన్నాడు. ఖర్మ! బయట రాళ్ల లారీ వచ్చి హారన్ కొట్టింది, బతికాననుకుంటూ ఆయన పరిగెత్తాడు.

పెద్దామె నా పక్కన కూర్చుంది. "నంద్యాల ఆస్పత్రి నుంచేనా పాపా?"

తాగుతున్న మజ్జిగ గ్లాసు దించాను.

"ఆడికి పోయొచ్చిన ప్రతిసారీ వాని మొగం పండుమిరపకాయ మాదిరి ఎర్రగా ఉండేది. కన్నదానికి తెల్దా? మగోడు మొగానికి చేయించుకున్నాడని నలుగురూ నవ్వుతారని వాని భయం. అందుకే సామి తగ్గించినాడని ఊరంతా నేనే చెప్పుకొచ్చినా. నాకు తెలిసినట్టు వానికి చెప్పొద్దు పాపా."

ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. సరేనని తలూపాను.

తిరుగు బస్సులో రికార్డింగ్ మళ్లీ విన్నాను. పేరు లేదు, ముఖం లేదు. అయితేనేం, ఆ గొంతునూ ఆ రాయి మాటనూ ఆళ్లగడ్డలో పోల్చుకోనిదెవరు? ఆమె ఇంటింటికీ తిరిగి కప్పిపెట్టింది ఒక్క పూటలో బయటపడుతుంది. మనసొప్పకపోయినా తీసేశాను. ఏడుపొచ్చినంత పనైంది, అంత బాగా చెప్పాడు మరి.

"ఏమైందమ్మా ఆళ్లగడ్డ?" అన్నారు డాక్టరుగారు.

"తగ్గించిన పేరు అహోబిలం స్వామికి పోయింది సార్" అన్నాను. ఆయనకు అర్థం కాలేదు.

సాయంత్రం శిల్పి ఫోన్ చేశాడు. గొంతు సరిగా పడలేదని, ఇక వదిలేద్దామని చెప్పాను. ఆయన దాన్ని పట్టించుకోనే లేదు.

"మాయమ్మకేం అనుమానం రాల్యా కదా మేడం?"

"అస్సలు రాలేదన్నా. వినాయకుడికే వచ్చాననుకుంది."

"హమ్మయ్య" అన్నాడు. "పాపం, ముసిల్ది. ఏమీ తెలీదు."